కొసరు లెక్క

మా ఇంటి మెట్లు ఇరవై రెండు. కింద కిరాణా దుకాణం, పైన ఇల్లు. పెళ్లై వచ్చిన ఏడాది నుంచి, అంటే నలభై ఆరేళ్లుగా, రోజుకు నాలుగు సార్లు దిగి నాలుగు సార్లు ఎక్కాను. రోజుకు నూట డెబ్బై ఆరు మెట్లు. పండుగలకు, జ్వరాలకు, కాన్పులకు కొన్ని తీసేసినా అది చిన్న సంఖ్య కాదు. మోకాళ్లు అరగక ఏం చేస్తాయని మా వారు అంటారు. కానీ అరిగింది మెట్ల వల్ల కాదని, ఆ మెట్ల మీద నేను మోసుకెళ్లిన బరువు వల్లనని నాకు తెలియడానికి డెబ్బై ఒక్కేళ్లు పట్టింది.

ఫిబ్రవరి పదకొండున మధ్యాహ్నం ఒంటి గంట దాటాక అన్నం తినడానికి పైకి వస్తుంటే తొమ్మిదో మెట్టు మీద కుడి మోకాలు పట్టేసింది. పైకి పోదు, కిందికి రాదు. అక్కడే కూర్చున్నాను. నలభై నిమిషాలు. కింద నుంచి మా వారు, పక్క బట్టల దుకాణం ఆయన కలిసి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, నన్ను అందులో కూర్చోబెట్టి, చెరో పక్క పట్టుకొని పైకి మోశారు. దుకాణం ముందు నిలబడ్డ నలుగురైదుగురు చూస్తూనే ఉన్నారు. వాళ్లకు నేను ఉప్పు, పప్పు తూచి ఇచ్చినదాన్ని. ఆ రోజు వాళ్ల ముందు నన్నే బస్తాలాగా ఎత్తారు.

ఎనిమిది రోజులకు అదే కుర్చీలో కిందికి దింపి దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు ఎక్స్‌రే చూశాడు, బీపీ చూశాడు, కాంటా ఎక్కమన్నాడు. ఎనభై నాలుగు కిలోల మూడు వందల గ్రాములు. నా ఎత్తు అయిదు అడుగుల ఒక అంగుళం. మోకాలికి ఆపరేషన్ అవసరం పడవచ్చు గానీ ఈ బరువు మీద, ఈ బీపీ మీద చేయనని చెప్పాడు. పది కిలోలు తగ్గి రమ్మన్నాడు. కిలో బరువు తగ్గితే నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గినట్టేనని, పది తగ్గితే ఆపరేషన్ సంగతి మళ్లీ ఆలోచించవచ్చని అన్నాడు. అప్పటిదాకా మెట్లు ఎక్కవద్దు, దిగవద్దు.

ఇంట్లో ఎవరికీ అది పెద్ద కష్టంగా అనిపించలేదు. ఈ వయసులో దుకాణంలో కూర్చొని ఏం చేయాలి, పైన ఫ్యాను కింద హాయిగా ఉండమన్నారు. కొడుకు ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం చూసుకుంటాడు, పొద్దున పోతే సాయంత్రం వస్తాడు. దుకాణాన్ని మా వారు, కోడలు నడుపుతారు. నేను లేకపోయినా ఏదీ ఆగదు. ఆ సంగతే నాకు మింగుడు పడలేదు. కాంటా పక్కన గోడకు ఆనించి ఒక చెక్క కుర్చీ ఉంటుంది. మా అత్తగారు పోయిన పదకొండో నాటి నుంచి అది నాది. పత్తి, మిర్చి అమ్ముకొని ఊళ్లకు తిరిగిపోయే రైతులు, వాళ్ల ఆడవాళ్లు సామాను కోసం మా దగ్గర ఆగుతారు. వానలు ఎట్లా పడ్డాయో, ఎవరి బిడ్డకు ఎక్కడ సంబంధం కుదిరిందో ఆ కుర్చీలోనే నాకు తెలిసేది. పైన ఉంటే నాకు ప్రపంచం కిటికీలోంచి వినిపించే చప్పుడు మాత్రమే.

ఒకరోజు మాటల్లో కోడలు, నా కుర్చీ మీద చింతపండు గంప పెట్టారని చెప్పింది. చోటు చాలక పెట్టారట. ఆ పూట నాకు అన్నం సహించలేదు. నాకు ఆపరేషనూ వద్దు, ఫ్యానూ వద్దు. ఇరవై రెండు మెట్లు నా కాళ్ల మీద దిగి ఆ కుర్చీలో కూర్చోవాలి. అంతే.

దవాఖానలో డైట్ చెప్పే మేడమ్ ఒకామె ఉంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. అన్నం మానేయమంటుంది, నెయ్యి ముట్టవద్దంటుంది అనుకుంటూ పోయాను. మా వైపు ఎవరికి షుగరు వచ్చినా, బరువు పెరిగినా ముందు వినిపించేది ఆ మాటే. ఆమె అట్లా అనలేదు.

“ఏం తినొద్దో నేను చెప్పనమ్మా. మీరు ఏం తింటున్నరో, ఎంత తింటున్నరో జోకి రాసుకొని రండి. మిగతాది తర్వాత చూద్దాం.”

జోకడం, అంటే తూచడం, అనే మాట విని నాకు ప్రాణం లేచి వచ్చింది. నలభై ఆరేళ్లుగా చేసిన పని అదే. క్యాలరీ అంటే ఏమిటని అడిగాను. కట్టెకు మంట ఉన్నట్టు ప్రతి తిండికీ ఇంత మంట అని లెక్క ఉంటుందని, అది ఒంట్లో ఖర్చు కాకపోతే కొవ్వుగా మిగులుతుందని చెప్పింది. నా వయసుకు, నా ఎత్తుకు, తగ్గడానికి రోజుకు పద్నాలుగు వందలు అని ఒక కాగితం మీద రాసింది. సుమారుగా ఏడు వేల ఏడు వందల క్యాలరీలు ఒక కిలో కొవ్వుతో సమానమని కూడా చెప్పింది. ఆ రెండు సంఖ్యలూ విన్నాక ఇక నాకు ఎవరూ ఏదీ వివరించనక్కర లేకపోయింది.

మార్చి ఒకటిన మొదలుపెట్టాను. వంటింటికి ఒక చిన్న కాంటా కొన్నాం. ఒక్క గ్రాము తేడా కూడా చూపిస్తుంది. మా దుకాణంలో మునుపు ఉండే పాత తరాజుకు పది గ్రాములు పెట్టినా కదలిక ఉండేది కాదు. ఇది నాలుగు పల్లీలు వేసినా పలుకుతుంది. నోటు పుస్తకంలో మూడు గళ్లు గీశాను. పదార్థం, తూకం, క్యాలరీలు.

మొదటి వారమే ఎన్నో సంగతులు తెలిశాయి. మామూలుగా నేను మధ్యాహ్నం పెట్టుకునే అన్నాన్ని ఊరికే తూచి చూస్తే మూడు వందల ఎనభై గ్రాములు. వంద గ్రాముల అన్నానికి నూట ముప్పై చొప్పున నాలుగు వందల తొంభై నాలుగు. అది అన్నం ఒక్కటే, పప్పు లేదు, తొక్కు పచ్చడి లేదు, నెయ్యి లేదు. నూనె సంగతి ఇంకా వింత. చిన్న చెంచా నూనె అయిదు గ్రాములు, నలభై అయిదు క్యాలరీలు. నేను సర్వపిండి కాల్చేటప్పుడు గిన్నె అంచుల వెంట, మధ్య గుంటల్లో పోసే నూనె తూస్తే నాలుగు చెంచాలు. నూట ఎనభై. పిండి లెక్క, పల్లీల లెక్క వేరు. ఇన్నేళ్లు నూనె అంటే వండడానికి సాధనం అనుకున్నాను, అది తిండి అనుకోలేదు. రోజుకు నాలుగు చాయ్‌లలో రెండేసి చెంచాల చక్కెర, ఎనిమిది చెంచాలు, నూట అరవై.

ఏదీ మానేయలేదు. అన్నం మధ్యాహ్నం నూట యాభై గ్రాములు, మిగతా చోటంతా కూర, పప్పు, మజ్జిగ. సాయంత్రం ఒక జొన్న రొట్టె. నెయ్యి ఒక చెంచా, కానీ కొలిచిన చెంచా. చాయ్ రెండు. సర్వపిండి తినాలనిపిస్తే తినేదాన్ని, ఆ పూట అన్నం ఉండదు. ఈ లెక్క ఇచ్చిన మొదటి సుఖం అది. అంతకు ముందు నెయ్యి వేసుకున్న ప్రతిసారీ తప్పు చేస్తున్నట్టు ఉండేది, వేసుకోకపోతే నోరు చప్పబడేది. ఇప్పుడు నలభై అయిదు అని తెలుసు. తెలిసినదానికి భయపడే పని లేదు.

ప్రతి రోజూ సాయంత్రం రొట్టె తినగానే కూడేదాన్ని. 1,390. 1,405. 1,380. పుస్తకం చూస్తే నాకే ముచ్చటగా ఉండేది. మార్చి ముప్పై ఒకటిన బరువు చూసుకోవడానికి కోడలు తెచ్చిన కాంటా ఎక్కాను. ఎనభై మూడు కిలోల తొమ్మిది వందలు. నెలంతా తూచి తింటే తగ్గింది నాలుగు వందల గ్రాములు. మొదటి నెల కదా అన్నారు. ఏప్రిల్ ముప్పైన మళ్లీ ఎక్కాను. ఎనభై నాలుగు కిలోల వంద. పెరిగింది.

పుస్తకం తీసుకొని మళ్లీ దవాఖానకు పోయాను, ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే కిందికి దిగి. డైట్ మేడమ్ అన్నీ చూసి, ఇంత చక్కగా రాసినవాళ్లను తాను చూడలేదని, అయినా ఎక్కడో ఏదో మరచిపోయి ఉంటారని మెల్లగా అన్నది. నాకు చాలా కోపం వచ్చింది. నలభై ఆరేళ్లలో ఒక్క మనిషి కూడా తూకం తక్కువ వచ్చిందని మా దుకాణానికి తిరిగి రాలేదు. అట్లాంటి నా లెక్కలో తప్పా అని ఇంటికొచ్చాక కూడా సణిగాను. కాంటా తప్పు చూపిస్తుందేమోనన్నాను.

మా వారు ఊరుకునే మనిషి కాదు. దుకాణంలో పెద్ద కాంటా మీద సరిగ్గా పది కిలోల బియ్యం తూచి సంచి కట్టి, మెట్లన్నీ ఎక్కి తెచ్చి, నా కాంటా మీద పెట్టారు. పది కిలోలే చూపించింది. రెండో సంచి తెచ్చారు. ఇరవై. వంటింటి కాంటా మీద అర కిలో రాయి పెట్టారు. అయిదు వందలు. ఆయాసపడుతూ చెమట తుడుచుకొని నన్ను పైనుంచి కింది దాకా చూశారు.

“రెండు కాంటాలు మంచిగనే ఉన్నయి. ఖరాబైంది నువ్వే కావచ్చు.”

కోడలు మొహం అటు తిప్పుకొని నవ్వింది. నేను నవ్వలేదు. ఆ రోజు నిజంగా భయపడ్డాను. లెక్క సరిగ్గా ఉండి బరువు తగ్గలేదంటే ఇక చేయగలిగింది ఏమీ లేదు. ఆ కుర్చీ మీద చింతపండు గంప అట్లాగే ఉంటుంది.

మా కోడలిది పాలకుర్తి. వచ్చి పన్నెండేళ్లయింది. ఎక్కువ మాట్లాడదు. దుకాణంలో ఆమె చేయి చురుకు, కన్ను ఇంకా చురుకు. మే రెండో తేదీన మా వారిని దుకాణంలో ఒంటరిగా వదిలి, తలనొప్పి అని చెప్పి, రోజంతా పైనే ఉంది. తలనొప్పి లేదని నాకు సాయంత్రం తెలిసింది. ఆరు గంటలకు నేను రొట్టె తిని పుస్తకం మూసే వేళకు ఒక స్టీలు గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. లోపల ఇంత అన్నం, కొన్ని వేయించిన పల్లీలు, ఒక దోశ ముక్క, చిన్న బెల్లం గడ్డ, కాస్త పెరుగన్నం, పక్కన ఒక చెంచాలో నెయ్యి, గ్లాసులో సగం చాయ్. ఎవరిదో ఎంగిలి అనుకొని ఏమిటిది అన్నాను.

“ఇయ్యాల మీరు తిన్నయే అత్తమ్మా. పుస్తకంల లేనివి. మీరు నోట్ల వేసుకున్నప్పుడల్ల నేను గంతే తీసి గిన్నెల వేసిన.”

నాకు ఒళ్లు మండింది. నా ఇంట్లో నా వెనక నిలబడి నా నోరు చూసిందా అనిపించింది. “నన్ను దొంగను చేస్తున్నవా” అన్నాను.

“దొంగ గాదు. మీరు జోకినదంత కరెక్టుగనే రాసిన్రు. జోకి పళ్లెం కిందికి దించినంక ఇంకింత పెట్టుకుంటాన్రు. అది కొసరు. కొసరు రాయలె.”

అని, వంటింటి కాంటా నా ముందు పెట్టి, నన్నే తూచుకొమ్మంది.

ఇక్కడ మా వృత్తి సంగతి చెప్పాలి. కాపురానికి వచ్చిన కొత్తలో దుకాణంలో మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పని కొసరు వేయడం. సామాను తూచి, పొట్లంలో పోశాక, పిడికిట్లో పట్టినంత తీసి పైన వేయాలి. దాన్ని కాంటా మీద పెట్టకూడదు. తూచిన కొసరు కొసరు కాదనేది ఆమె. దాని లెక్క మనసులో కూడా పెట్టుకోకూడదని, పెట్టుకుంటే చేయి బిగుసుకుపోతుందని చెప్పేది. నేను ఆమె చెప్పినట్టే చేశాను. లక్ష సార్లు చేసి ఉంటాను. తూచడం, దించడం, చేయి మళ్లీ గంపలోకి పోవడం, పిడికెడు తీయడం. ఆ చివరి పిడికెడు చేతికి తెలుసు, బుద్ధికి తెలియదు. తెలియకూడదు.

నేను పళ్లెం దగ్గరా అదే చేశాను. నూట యాభై గ్రాముల అన్నం తూచి, పళ్లెం దించి, పుస్తకంలో రాసి, చేయి మళ్లీ గిన్నెలోకి పోయి ఒక ముద్ద తీసేది. రొట్టె తిన్నాక గిన్నెలో మిగిలిన పెరుగన్నం పారేయడం ఎందుకని నోట్లో పోయేది. తొక్కులోకి వేయించిన పల్లీలు వేగాయో లేదో చూడడానికి గుప్పెడు. ఎనిమిదేళ్ల మనవరాలు వదిలేసిన దోశ అంచు. నెయ్యి కాచిన గిన్నె గోకినది. ఇవేవీ దాచుకొని తిన్నవి కావు. మా ఇంట్లో ఏదీ పారేయం గనుక తిన్నవి. తిన్నట్టు నాకు గుర్తు కూడా లేదు. ఆమె నిలబడి చూడకపోతే ప్రమాణం చేసి లేదని చెప్పేదాన్ని.

అన్నీ ఒక్కొక్కటే తూచాను. అన్నం అరవై గ్రాములు, డెబ్బై ఎనిమిదిని ఎనభై అని రాశాను. పల్లీలు పదిహేను గ్రాములు, ఎనభై అయిదు. దోశ ముక్క అరవై. బెల్లం ముప్పై ఎనిమిది. పెరుగన్నం యాభై అయిదు. నెయ్యి నలభై అయిదు. సగం చాయ్ నలభై అయిదు. కూడితే నాలుగు వందల ఎనిమిది.

అప్పుడు ఇంకో లెక్క వేశాను. మార్చి, ఏప్రిల్ కలిపి అరవై ఒక్క రోజులు. నాలుగు వందల ఎనిమిదిని అరవై ఒకటితో గుణిస్తే ఇరవై నాలుగు వేల ఎనిమిది వందల ఎనభై ఎనిమిది. ఏడు వేల ఏడు వందలతో భాగిస్తే మూడు కిలోల పైచిలుకు. నా పుస్తకం ప్రకారం ఎంత తగ్గాలో దాదాపు అంతే. రెండు నెలలుగా నేను వెతుకుతున్న మూడు కిలోలు ఆ స్టీలు గిన్నెలో ఉన్నాయి.

కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. లెక్కలో ఎక్కడ తేడా వచ్చిందో దొరికినప్పుడు ఉండే తేలికదనం వేరు. చేతికందని రోగం కాదు, చేయి చేసిన అలవాటు. అలవాటైతే మార్చుకోవచ్చు. పుస్తకం తెరిచి, మూడు గళ్ల పక్కన స్కేలు పెట్టి నాలుగో గీత గీశాను. పైన కొసరు అని రాశాను. రాసేటప్పుడు అత్తగారు గుర్తొచ్చి చేయి కాస్త ఆగింది. కొసరు లెక్క రాయకూడదని కదా ఆమె నేర్పింది. ఆ రాత్రంతా ఆలోచించి ఒక మాట నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె రాయవద్దన్నది ఇంకొకరికి ఇచ్చే కొసరు. నాకు నేను వేసుకునే కొసరు గురించి ఆమె ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. ఆమె వేసుకునేది కాదు గనుక చెప్పే అవసరం రాలేదు.

తరువాత నేను చేసిన ఇంకో తప్పు కూడా రాయాలి, లేకపోతే ఈ లెక్క పూర్తి కాదు. పోయిన రెండు నెలలు పూడ్చుకోవాలని పంతం పట్టి, మే మూడు నుంచి రోజుకు తొమ్మిది వందల చిల్లరతో సరిపెట్టాను. పదో రోజు పన్నెండో తేదీన పొయ్యి దగ్గర కళ్లు తిరిగాయి. కోడలు వెనక నుంచి పట్టుకోకపోతే పడేదాన్నే. డైట్ మేడమ్‌కు పుస్తకం చూపిస్తే మొదటిసారి గట్టిగా మందలించింది. పద్నాలుగు వందలు అంటే దాటకూడని గీత మాత్రమే కాదని, అంతకు బాగా కిందికి పోకూడని గీత కూడా అదేనని చెప్పింది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఇట్లా కడుపు మాడ్చుకుంటే ప్రమాదమట. మా భాషలో చెప్పాలంటే తక్కువ తూచడం కూడా మోసమే. దుకాణంలో అది నాకు ముందే తెలుసు, ఒంటి విషయంలో ఆ రోజు తెలిసింది. మర్నాటి నుంచి పద్నాలుగు వందలు అంటే పద్నాలుగు వందలు.

బరువు కదిలింది. మే చివరికి ఎనభై రెండు కిలోల ఆరు వందలు. జూన్ చివరికి ఎనభై ఒక్క కిలోల వంద. నాలుగో గడి నిండడం తగ్గింది. రాయాలి అనుకుంటేనే చేయి సగం దూరంలో ఆగేది. కోడలు మనవరాలికి దోశ చిన్నది వేయడం మొదలుపెట్టింది, దాంతో వదిలేసే అంచు లేకుండా పోయింది. అన్నం కూడా కొలిచి వండడంతో గిన్నెలో మిగలడం తగ్గింది. ఆగస్టులో డాక్టరు తొడలకు వ్యాయామం నేర్పించి, రోజూ మూడు మెట్లు దిగి మూడు మెట్లు ఎక్కవచ్చన్నాడు. తరువాత అయిదు. ఎన్ని దిగానో కూడా పుస్తకం వెనక పేజీల్లో రాశాను.

బతుకమ్మ తొమ్మిది రోజులూ వంటింట్లో నువ్వుల వాసన, పల్లీల వాసన. మా వారు నన్ను ఓరగా చూస్తూ ఈ ఏడాది సత్తుపిండి అంతా తనకేనా అని అడిగారు. నేను ఒక ముద్ద తూచాను. ముప్పై గ్రాములు, నూట యాభై. రాసుకొని, ఆయన ముందే కూర్చొని, మెల్లగా తిన్నాను. అంత రుచిగా సత్తుపిండి ఎప్పుడూ తినలేదు. మునుపు పది ముద్దలు కడుతూ మూడు తినేదాన్ని, ఒక్కదాని రుచీ గుర్తుండేది కాదు. ఆ నెల బరువు రెండు వందల గ్రాములు పెరిగింది. ఎక్కడి నుంచి వచ్చిందో పుస్తకంలో ఉంది గనుక ఫికరు పడలేదు. తరువాతి నెలలో పోయింది.

డిసెంబరు ఎనిమిదిన దవాఖాన కాంటా మీద డెబ్బై నాలుగు కిలోల తొమ్మిది వందలు. తగ్గింది తొమ్మిది కిలోల నాలుగు వందలు. డాక్టరు నన్ను వరండా ఆ చివరి దాకా నడిపించాడు, మోకాలు వంచి చూశాడు. ఆపరేషన్ ఇప్పట్లో అవసరం లేదన్నాడు. బీపీ మాత్ర సగం చేశాడు. ఇక మెట్లన్నీ దిగవచ్చు, రైలింగు పట్టుకొని, రోజుకు ఒక్కసారి. పదికి ఇంకా ఆరు వందల గ్రాములు బాకీ ఉన్నానని నేనే గుర్తుచేశాను. నవ్వి, అది వదిలేయమన్నాడు. నేను వదలనని చెప్పి వచ్చాను.

మరునాడు పొద్దున పది గంటల అయిదు నిమిషాలకు మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. కోడలు నాకంటే రెండు మెట్లు కింద, నా వైపు తిరిగి, వెనక్కి వెనక్కి దిగింది. ఆ తొమ్మిదో మెట్టు వచ్చినప్పుడు ఇద్దరం ఒక్క క్షణం ఆగాం. పది గంటల పదహారు నిమిషాలకు కింద ఉన్నాను. మోకాలు నొప్పి లేదని అబద్ధం చెప్పను. ఉంది. కానీ నా మాట వింటోంది.

నా కుర్చీ ఖాళీగా ఉంది. చింతపండు గంప మూలకు పోయింది. కుర్చీ తడిగుడ్డతో తుడిచి ఉంది, ఇంకా పూర్తిగా ఆరలేదు. ఎవరు తుడిచారో అడగలేదు. అడగనక్కర లేదు. ఒక మనిషి తన అత్తగారి నోటికి రోజంతా కాపలా కాసి, తిట్లు పడతాయని తెలిసి కూడా ఆ గిన్నె తెచ్చి ముందు పెట్టడం మామూలు సంగతి కాదు. నాకు మంచి జరగాలని తీపి మాటలు చెప్పినవాళ్లు చాలామంది. నా లెక్కలో తప్పు చూపించింది ఆమె ఒక్కతే. ఆ మాట ఆమెతో ఇంతవరకు అనలేదు. ఇక్కడ రాస్తున్నాను. దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు నా పుస్తకం చదువుతుంది, నాకు తెలుసు.

పదకొండు గంటల వేళకు పరకాల వైపు ఊరి నుంచి ఎప్పుడూ వచ్చే ఆమె వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది.

“ఇన్ని దినాలు ఏడికి పోయినవ్ అవ్వా? నువ్వు లేకుంటే ఈడ కొసరు ఏసేటోల్లే లేరు.”

మా వారు వినపడనట్టు గల్లా పెట్టెలో చిల్లర వెతుక్కున్నారు. ఆమె పావు కిలో పల్లీలు అడిగింది. తూచాను. కాంటా మీద రెండు వందల యాభై పడగానే పొట్లంలో పోశాను. చేయి తనంత తానే గంపలోకి పోయింది, పిడికెడు తీసింది, పొట్లం పైన వేసింది. పది నెలల తరువాత. తూచలేదు, రాయలేదు. ఆమె కొంగున కట్టుకొని పోయింది.

చేయి ఇంకా గంపలోనే ఉంది. చూసుకుంటే వేళ్ల మధ్య ఇంకొన్ని పల్లీలు ఉన్నాయి. సగం దూరం వచ్చేశాయి. కోడలు బియ్యం బస్తా మూతి కడుతూ తల ఎత్తి నా వైపు చూసింది. మళ్లీ తల దించుకొని ముడి వేసింది.

అరచేయి తెరిచి లెక్కపెట్టాను. పది గింజలు. ఆరు గ్రాములు ఉంటాయి, ముప్పై నాలుగు. పొట్లాల కాగితం ఒకటి తీసుకొని, తేదీ వేసి, కొసరు అని రాసి, పక్కన ముప్పై నాలుగు అని రాశాను. పెన్ను పక్కన పెట్టాను. తరువాత తిన్నాను.